కేవీఎంలో ఇంటరప్ట్ కంట్రోలర్ ఎమ్యులేషన్‌ను వేగవంతం చేయడం: దశలవారీ సమగ్ర మార్గదర్శి

"ఏపిక్‌వీ ఆన్ చేశాం, అయినా లేటెన్సీ తగ్గలేదు. ఎక్కడ చూడాలి?" అనే ప్రశ్న ఏదో ఒక రూపంలో పదే పదే వస్తోంది. ఏపిక్ అంటే ప్రాసెసర్‌కు ఇంటరప్ట్‌లు అందించే కంట్రోలర్; వీఎం కోసం ఆ పనిని హార్డ్‌వేర్‌లోనే చేసే ఇంటెల్ సదుపాయం ఏపిక్‌వీ. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. హార్డ్‌వేర్ సాయం ఉందని పారామీటర్ చెబుతుంది కానీ, ఆ వీఎం వరకు అది నడుస్తోందో లేదో ఎవరూ సరిచూడరు. వీఎంలోని ఒక్క సెట్టింగ్ చాలు దాన్ని మూసేయడానికి, అదీ ఏ హెచ్చరికా లేకుండా.

ఈ మార్గదర్శి ఎక్స్86 ప్రాసెసర్లపై లినక్స్ కేవీఎం (కెర్నల్‌లోని వర్చువలైజేషన్ భాగం), క్యూఎము (వీఎంను నడిపే యూజర్‌స్పేస్ ప్రోగ్రామ్) నడిపేవారికి. వీఎం లోపలి సిస్టమ్ గెస్ట్, దాన్ని నడిపే యంత్రం హోస్ట్, వీఎంకు ఇచ్చే వర్చువల్ ప్రాసెసర్ వీసీపీయూ. ఇంటెల్, ఏఎండీ రెండూ ఇందులో ఉన్నాయి. వరుస మార్చకండి. కొలవకుండా చేసే మార్పు లాభమా నష్టమా తేలదు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఇంటెల్ హోస్ట్‌పై ‘ప్రాక్’ కింద ఉండే ‘సీపీయూఇన్ఫో’ ఫైల్‌లో ‘వీఎంఎక్స్ ఫ్లాగ్స్’ వరుస చూడండి. అందులో మూడు పేర్లు ఉండాలి: ‘పోస్టెడ్_ఇంటర్’, ‘వేపిక్_రెగ్’, ‘విడ్’. ఇవి వరుసగా పోస్టెడ్ ఇంటరప్ట్‌లు (నడుస్తున్న గెస్ట్‌ను ఆపకుండానే అందే ఇంటరప్ట్‌లు), ఏపిక్ రిజిస్టర్ వర్చువలైజేషన్, వర్చువల్ ఇంటరప్ట్ డెలివరీ. మూడూ కలిస్తేనే ఏపిక్‌వీ. జియాన్ ఈ5 రెండో వెర్షన్ నుంచి సర్వర్ ప్రాసెసర్లలో ఇవి ఉన్నాయి.

ఏఎండీలో మామూలు ఫ్లాగ్స్ వరుసలోనే ‘ఏవిక్’ (ఏపిక్‌వీకి ఏఎండీ సమానం), కొత్త ప్రాసెసర్లలో ‘ఎక్స్2ఏవిక్’ కనిపించాలి. ఎక్స్2ఏవిక్ జెన్ 4 తరం నుంచి వచ్చింది.

మొదలుపెట్టే ముందు ఇవి సరిచూసుకోండి:

- బయోస్‌లో వీటీ-డీ లేదా ఏఎండీ ఐఓఎంఎంయూ (పరికరాల మెమరీ యాక్సెస్‌నూ ఇంటరప్ట్‌లనూ అదుపుచేసే హార్డ్‌వేర్) ఆన్‌లో ఉండాలి. పరికరాలను నేరుగా గెస్ట్‌కు ఇచ్చేవారికి ఇది తప్పనిసరి.
- హోస్ట్ బూట్ లాగ్‌లో ఇంటరప్ట్ రీమ్యాపింగ్ (పరికరాల ఇంటరప్ట్‌లను ఐఓఎంఎంయూ దారి మళ్లించడం) ఎనేబుల్ అయినట్టు ఉండాలి.
- కెర్నల్ కమాండ్ లైన్‌లో ‘ఇంట్‌రీమ్యాప్=నోపోస్ట్’ మిగిలిపోయి ఉంటే తీసేయండి. పాత సమస్యకు ఎవరో పెట్టి మరిచిపోయిన ఈ ఒక్క మాట పరికరాల పోస్టెడ్ ఇంటరప్ట్‌లను పూర్తిగా ఆపేస్తుంది.
- ‘పెర్ఫ్’ టూల్ హోస్ట్ కెర్నల్ వెర్షన్‌కు సరిపోవాలి. డీబగ్‌ఎఫ్‌ఎస్ మౌంట్ అయి ఉండాలి.
- ‘కేవీఎం-యూనిట్-టెస్ట్స్’ బిల్డ్ చేసి పెట్టుకోండి. వేగం కొలవడానికే కాదు, మార్పుల తర్వాత ప్రవర్తన సరిగా ఉందో లేదో తేల్చడానికి కూడా.

## 2. ఎగ్జిట్ ఎక్కడ పడుతోందో కొలవండి

గెస్ట్ నుంచి హోస్ట్‌కు వచ్చి మళ్లీ వెళ్లే ఒక్కో ఎగ్జిట్‌కు వెయ్యికి పైగా సైకిళ్లు పోతాయి. సెక్యూరిటీ మిటిగేషన్లు ఆన్‌లో ఉంటే ఇంకా ఎక్కువ. హార్డ్‌వేర్ సాయం లేనప్పుడు ఒక్క ఇంటరప్ట్‌కు కనీసం రెండు ఎగ్జిట్‌లు పడవచ్చు: నడుస్తున్న వీసీపీయూను ఆపి ఇంటరప్ట్ ఎక్కించడానికి ఒకటి, గెస్ట్ ఈఓఐ (ఇంటరప్ట్ పని ముగిసిందనే సంకేతం) రాసినప్పుడు మరొకటి. ఈ లెక్క తగ్గించడమే పని. ఎమ్యులేషన్ కోడ్‌ను ఎంత చెక్కినా, అసలు ఎగ్జిట్ పడకుండా చేసినంత లాభం రాదు.

అసలు వర్క్‌లోడ్ నడుస్తుండగా ‘పెర్ఫ్ కేవీఎం స్టాట్ రికార్డ్’ను క్యూఎము ప్రాసెస్ నంబర్‌తో 30 సెకన్లు నడిపి, తర్వాత ‘రిపోర్ట్’ తీయండి. ఖాళీ వీఎంపై తీసిన కొలత పనికిరాదు.

రిపోర్ట్‌లో కనిపించే పేర్ల అర్థం ఇది:

- ఏపిక్_యాక్సెస్: గెస్ట్ ఏపిక్ పేజీని పాత పద్ధతిలో, మెమరీ ద్వారా ముట్టుకుంటోంది. ఏపిక్‌వీ ఆ వీఎంకు పనిచేయడం లేదనడానికి ఇది గట్టి ఆధారం.
- ఏపిక్_రైట్: ఏపిక్‌వీ నడుస్తోంది, కానీ హార్డ్‌వేర్ పూర్తిచేయలేని రాత. చాలావరకు ఐపీఐ (ఒక వీసీపీయూ మరో వీసీపీయూకు పంపే ఇంటరప్ట్) పంపే ఐసీఆర్ రిజిస్టర్.
- ఈఓఐ_ఇండ్యూస్డ్: లెవెల్ ట్రిగ్గర్ ఇంటరప్ట్‌లు ఐఓ ఏపిక్ (పరికరాల ఇంటరప్ట్ లైన్లను అందుకుని పంచే చిప్) గుండా వస్తున్నాయి.
- ఎక్స్‌టర్నల్_ఇంటరప్ట్: హోస్ట్ ఇంటరప్ట్ వచ్చి గెస్ట్‌ను ఆపింది. హోస్ట్ ఐఆర్‌క్యూ అఫినిటీ (ఏ ఇంటరప్ట్ ఏ కోర్‌కు వెళ్లాలన్నది) చూడాలి.
- ఇంటరప్ట్_విండో (పాత కెర్నళ్లలో పెండింగ్_ఇంటరప్ట్): గెస్ట్ ఇంటరప్ట్‌లు మూసుకుని ఉంది, తెరిచేదాకా హోస్ట్ కాచుకోవలసి వచ్చింది. ఏపిక్‌వీ ఉంటే ఇది దాదాపు సున్నాకు రావాలి.
- ఎంఎస్‌ఆర్_రైట్: గెస్ట్ ఒక ఎంఎస్‌ఆర్‌లో (ప్రాసెసర్ నియంత్రణ రిజిస్టర్) రాసింది. ఒక్కటే పేరు, లోపల చాలా కారణాలు. విడగొట్టి చూడాల్సిందే.

ఎంఎస్‌ఆర్_రైట్‌ను విడగొట్టడానికి ‘కేవీఎం_ఎంఎస్‌ఆర్’ ట్రేస్‌పాయింట్ (కెర్నల్ ఒక సంఘటనను నమోదుచేసే చోటు) పెట్టి నంబర్లు లెక్కించండి. హెక్సాలో 6ఈ0 టీఎస్‌సీ డెడ్‌లైన్ టైమర్, 830 ఐసీఆర్, 80బీ ఈఓఐ, 838 టైమర్ ప్రారంభ విలువ. 80బీ ఎక్కువగా కనిపిస్తే వర్చువల్ ఇంటరప్ట్ డెలివరీ ఆగిపోయినట్టే. 830 ఎక్కువైతే 5వ దశకు, 6ఈ0 ఎక్కువైతే 7వ దశకు ముందుగా వెళ్లవచ్చు.

ఏఎండీలో చూడాల్సినవి ‘ఏవిక్_ఇన్‌కంప్లీట్_ఐపీఐ’, ‘ఏవిక్_అన్‌యాక్సిలరేటెడ్_యాక్సెస్’. మొదటిదానికి ఒక మామూలు కారణం, ఐపీఐ అందుకోవాల్సిన వీసీపీయూ ఆ క్షణంలో నడవకపోవడం. కాబట్టి కొంత సంఖ్య సహజం.

## 3. కంట్రోలర్‌ను ఎక్కడ ఉంచాలో నిర్ణయించండి

క్యూఎములో ‘కెర్నల్-ఇర్క్‌చిప్’ ఆప్షన్‌కు మూడు విలువలు.

‘ఆఫ్’ అంటే లోకల్ ఏపిక్‌తో (ఒక్కో వీసీపీయూకు సొంతంగా ఉండే ఏపిక్) సహా అన్నీ యూజర్‌స్పేస్‌లో. ఏపిక్‌వీ పనిచేయదు. డీబగ్గింగ్‌కు తప్ప వాడకండి.

‘ఆన్’ అంటే పిక్ (పాత తరం ఇంటరప్ట్ కంట్రోలర్), ఐఓ ఏపిక్, లోకల్ ఏపిక్ మూడూ కెర్నల్‌లో. ‘స్ప్లిట్’ అంటే లోకల్ ఏపిక్ మాత్రమే కెర్నల్‌లో, పిక్, ఐఓ ఏపిక్ క్యూఎములో.

గెస్ట్‌లోని పరికరాలన్నీ ఎంఎస్‌ఐ లేదా ఎంఎస్‌ఐ-ఎక్స్ (ఇంటరప్ట్‌ను ప్రత్యేక లైన్‌పై కాక మెమరీ రాతగా పంపే పద్ధతి) వాడుతుంటే ‘స్ప్లిట్’ మంచి ఎంపిక. ఎంఎస్‌ఐ ఐఓ ఏపిక్‌ను తాకదు కాబట్టి వేగం తగ్గదు. పైగా కెర్నల్‌లో దాడికి గురయ్యే కోడ్ తగ్గుతుంది. వర్చువల్ ఐఓఎంఎంయూతో ఇంటరప్ట్ రీమ్యాపింగ్ కావాలన్నా, 255 దాటి వీసీపీయూలు కావాలన్నా స్ప్లిట్ ఉండాల్సిందే.

ఒక పరికరం పాత ఇంటిక్స్ లైన్ వాడితే లెక్క తిరగబడుతుంది. ప్రతి ఈఓఐ యూజర్‌స్పేస్ దాకా ప్రయాణించాల్సి వస్తుంది. క్యూఎము 4.0లో క్యూ35 మెషీన్‌కు స్ప్లిట్‌ను డిఫాల్ట్ చేసి, నేరుగా ఇచ్చిన పరికరాల ఇంటిక్స్ నెమ్మదించడంతో తర్వాత వెనక్కి తీసుకున్నారు. గెస్ట్‌లో ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ వివరంగా నడిపి ప్రతి పరికరం దగ్గర ఎంఎస్‌ఐ-ఎక్స్ ఎనేబుల్ అయిందో లేదో చూశాకే స్ప్లిట్‌కు మారండి.

## 4. ఏపిక్‌వీ లేదా ఏవిక్ నిజంగా నడిచేలా చూడండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

ఇంటెల్‌లో ‘కేవీఎం_ఇంటెల్’ మాడ్యూల్ పారామీటర్ ‘ఎనేబుల్_ఏపిక్‌వీ’ విలువ ‘వై’ ఉండాలి. ఏఎండీలో ‘కేవీఎం_ఏఎండీ’ పారామీటర్ ‘ఏవిక్’. చాలా కెర్నల్ వెర్షన్లలో ఏవిక్ డిఫాల్ట్‌గా ఆఫ్. ‘మాడ్‌ప్రోబ్’ కాన్ఫిగరేషన్‌లో 1 పెట్టి, వీఎంలన్నీ ఆపి, మాడ్యూల్‌ను తీసి మళ్లీ ఎక్కించాలి. ఒక్క వీఎం నడుస్తున్నా మాడ్యూల్ దిగదు.

పారామీటర్ సామర్థ్యాన్ని మాత్రమే చెబుతుంది. ప్రతి వీఎంకూ కేవీఎం ‘ఇన్‌హిబిట్’ కారణాల జాబితా ఒకటి ఉంచుకుంటుంది. అందులో ఒక్క కారణం చేరినా హార్డ్‌వేర్ సాయం ఆ వీఎంకు ఆగిపోయి, సాఫ్ట్‌వేర్ ఎమ్యులేషన్‌కు దిగజారుతుంది. గెస్ట్‌కు ఏమీ తెలియదు, లాగ్‌లో ఏమీ పడదు.

తెలుసుకునే పద్ధతి ఇది. ‘కేవీఎం_ఏపిక్‌వీ_ఇన్‌హిబిట్_ఛేంజ్డ్’ ట్రేస్‌పాయింట్‌ను ముందు ఆన్ చేయండి. ఆ తర్వాతే వీఎంను స్టార్ట్ చేయండి. పాత కెర్నల్‌లో దీని పేరు ‘కేవీఎం_ఏపిక్‌వీ_అప్‌డేట్_రిక్వెస్ట్’. నడుస్తున్న వీఎంపై పెడితే ఏమీ దొరకదు, ఎందుకంటే కారణం బూట్ సమయంలోనే చేరిపోయి ఉంటుంది. బూట్ పూర్తయ్యాక ఇన్‌హిబిట్ విలువ సున్నా ఉండాలి.

సున్నా లేకపోతే ఈ కారణాలు వెతకండి:

సినిక్‌తో ఆటో-ఈఓఐ. విండోస్ గెస్ట్‌కు ‘హెచ్‌వీ-సినిక్’ (హైపర్-వీ తరహా అదనపు ఇంటరప్ట్ కంట్రోలర్) ఇచ్చినప్పుడు గెస్ట్ ఆటో-ఈఓఐ (ఈఓఐ రాయకుండానే ఇంటరప్ట్ ముగిసినట్టు లెక్కించడం) వాడితే ఇంటెల్, ఏఎండీ రెండిటిలోనూ సాయం ఆగుతుంది. క్యూఎము సీపీయూ ఆప్షన్లలో ‘హెచ్‌వీ-ఏవిక్’ చేర్చండి. ఆటో-ఈఓఐ వాడవద్దని అది గెస్ట్‌కు సూచిస్తుంది. ‘హెచ్‌వీ-ఏపిక్‌వీ’ అన్నా అదే. పేరు చూసి ఏఎండీకి మాత్రమే అనుకోకండి.

పిట్ రీఇంజెక్షన్. ఇది ఏవిక్‌కు మాత్రమే అడ్డం. కెర్నల్‌లోని పిట్ టైమర్ తప్పిపోయిన టిక్కులను మళ్లీ ఎక్కించే పద్ధతిలో ఉంటే ఏవిక్ ఆగుతుంది. ‘కేవీఎం-పిట్’ పరికరానికి ‘లాస్ట్_టిక్_పాలసీ=డిస్కార్డ్’ ఇవ్వండి. స్ప్లిట్ ఇర్క్‌చిప్‌లో పిట్ కెర్నల్‌లో ఉండదు, ఈ సమస్యే రాదు.

ఎక్స్2ఏవిక్ లేని ఏఎండీపై ఎక్స్2ఏపిక్. గెస్ట్ ఎక్స్2ఏపిక్ మోడ్‌కు (ఏపిక్ రిజిస్టర్లను మెమరీ ద్వారా కాక ఎంఎస్‌ఆర్‌ల ద్వారా ముట్టుకునే కొత్త పద్ధతి) వెళితే రిజిస్టర్ యాక్సెస్‌లు ఎగ్జిట్ అవుతూనే ఉంటాయి. ఇలాంటి హోస్ట్‌పై సీపీయూ ఆప్షన్లలో ఎక్స్2ఏపిక్ తీసేసి కొలిచి చూడండి. మిగతా అన్ని చోట్లా ఎక్స్2ఏపిక్ ఉంచాల్సిందే.

నెస్టెడ్ వర్చువలైజేషన్. ఏవిక్ ఉన్నచోట గెస్ట్ తన లోపల వీఎం నడిపితే ఆ సమయంలో సాయం ఆగుతుంది. అవసరం లేని వీఎంలకు ఎస్‌వీఎం (ఏఎండీ వర్చువలైజేషన్) ఫ్లాగ్ ఇవ్వకండి.

బూట్ తొలి దశలో ఇన్‌హిబిట్ వచ్చి పోతుంటే కంగారు పడకండి. పాత పిక్ ద్వారా ఇంటరప్ట్ వచ్చేటప్పుడు ఏవిక్‌లో అలా జరుగుతుంది.

## 5. ఐపీఐల భారం తగ్గించండి

వీసీపీయూలు పెరిగేకొద్దీ ఐపీఐలే పెద్ద ఖర్చు. డేటాబేస్‌లు, ఎక్కువ థ్రెడ్‌లు ఉన్న జావా సర్వర్లు టీఎల్‌బీ ఫ్లష్‌లతో (మెమరీ చిరునామాల కాష్‌ను ఖాళీ చేయడం), నిద్ర లేపడాలతో ఐసీఆర్‌ను నిరంతరం రాస్తాయి.

మొదటి మెట్టు ఎక్స్2ఏపిక్. పాత మోడ్‌లో ఐసీఆర్ రెండు 32-బిట్ రాతలు, ఎక్స్2ఏపిక్‌లో ఒకే 64-బిట్ రాత. కేవీఎం ఇన్‌స్ట్రక్షన్‌ను డీకోడ్ చేయాల్సిన పని కూడా ఉండదు.

రెండో మెట్టు ఇంటెల్ ఐపీఐ వర్చువలైజేషన్. శాఫైర్ రాపిడ్స్ నుంచి ఉంది, ‘కేవీఎం_ఇంటెల్’ పారామీటర్ ‘ఎనేబుల్_ఐపీఐవీ’. దీనికి ఒక షరతు ఉంది, చాలామంది ఇక్కడే జారతారు: ఫిజికల్ మోడ్‌లో ఒకే వీసీపీయూకు పంపిన ఐపీఐ మాత్రమే ఎగ్జిట్ లేకుండా వెళుతుంది. లాజికల్ మోడ్‌లో, అంటే క్లస్టర్ పద్ధతిలో, రాసింది మళ్లీ ఎగ్జిట్ అవుతుంది.

వర్చువల్ ఐఓఎంఎంయూ లేని లినక్స్ గెస్ట్ తానుగా ఫిజికల్ ఎక్స్2ఏపిక్ ఎంచుకుంటుంది. ఇంటరప్ట్ రీమ్యాపింగ్ ఇచ్చారంటే క్లస్టర్ మోడ్‌కు పోవచ్చు. గెస్ట్ బూట్ లాగ్‌లో ఏపిక్ రూటింగ్ వరుస చూడండి. క్లస్టర్ అని ఉంటే గెస్ట్ కెర్నల్ కమాండ్ లైన్‌లో ‘ఎక్స్2ఏపిక్_ఫిజ్’ చేర్చండి.

ఐపీఐ వర్చువలైజేషన్ లేని హోస్ట్‌పై ‘కేవీఎం-పీవీ-ఐపీఐ’ బాగా పనిచేస్తుంది. 64-బిట్ గెస్ట్ ఒక్క హైపర్‌కాల్‌తో (గెస్ట్ నేరుగా హోస్ట్‌ను అడిగే పిలుపు) 128 వీసీపీయూల దాకా ఐపీఐ పంపగలదు, అంటే ఎన్నో ఎగ్జిట్‌ల స్థానంలో ఒక్కటి. లినక్స్ గెస్ట్ దీన్ని గుంపు ఐపీఐలకే వాడుతుంది. ఒక్కదానికి పంపేది ఐసీఆర్ గుండానే వెళుతుంది కాబట్టి ఐపీఐ వర్చువలైజేషన్, ‘కేవీఎం-పీవీ-ఐపీఐ’ కలిసి ఉండగలవు. విండోస్‌కు ‘హెచ్‌వీ-ఐపీఐ’, ‘హెచ్‌వీ-టీఎల్‌బీఫ్లష్’ ఇవ్వండి. రెండిటికీ ‘హెచ్‌వీ-వీపీఇండెక్స్’ ముందుండాలి.

ఏపిక్‌వీ అసలే లేని పాత హోస్ట్ అయితే ‘కేవీఎం-పీవీ-ఈఓఐ’ ఉంచండి. గెస్ట్ ఈఓఐ రాయడానికి బదులు మెమరీలో ఒక బిట్ చెరుపుతుంది, ఎగ్జిట్ తప్పుతుంది.

## 6. పరికరాల ఇంటరప్ట్ దారిని సరిచేయండి

వర్టియో పరికరాలకు (వీఎంల కోసమే రూపొందించిన వర్చువల్ పరికరాలు) దారి ఇలా ఉండాలి: గెస్ట్ నోటిఫికేషన్ ఐఓఈవెంట్‌ఎఫ్‌డీ ద్వారా, తిరుగు ఇంటరప్ట్ ఇర్క్‌ఎఫ్‌డీ ద్వారా. రెండూ కెర్నల్‌లోనే సంకేతం అందించే మార్గాలు. నెట్‌వర్క్‌కు ‘వీహోస్ట్’ ఆన్ చేస్తే ప్యాకెట్ల దారిలో క్యూఎము యూజర్‌స్పేస్ రానే రాదు.

ఇర్క్‌ఎఫ్‌డీలోనూ తేడా ఉంది. ఒకే వీసీపీయూకు గురిపెట్టిన ఎంఎస్‌ఐ అయితే కేవీఎం అక్కడికక్కడే ఎక్కించేస్తుంది. ఎక్కువ వీసీపీయూలకు గురిపెడితే పని వర్క్‌క్యూకు (కెర్నల్ తర్వాత చేసే పనుల వరుస) వాయిదా పడవచ్చు, లేటెన్సీ ఎగుడుదిగుడవుతుంది.

మల్టీక్యూ వర్టియో-నెట్‌కు వెక్టర్ల (ఇంటరప్ట్ నంబర్ల) సంఖ్య, క్యూ జతల సంఖ్యకు రెట్టింపు, దానికి 2 కలపాలి. 4 క్యూలకు 10, 8 క్యూలకు 18. పాత కాన్ఫిగరేషన్‌లో చేత్తో రాసిన చిన్న సంఖ్య మిగిలి ఉంటే క్యూలన్నీ ఒకే వెక్టర్‌ను పంచుకుంటాయి.

వీఎఫ్‌ఐఓతో నేరుగా ఇచ్చిన పరికరానికి వీటీ-డీ పోస్టెడ్ ఇంటరప్ట్‌లు అసలు బలం. పరికరం పంపిన ఇంటరప్ట్‌ను ఐఓఎంఎంయూ 64 బైట్ల డిస్క్రిప్టర్‌లో గుర్తుపెడుతుంది. అందులో 256 బిట్లు ఒక్కో వెక్టర్‌కు ఒకటి చొప్పున. వీసీపీయూ నడుస్తుంటే ఎగ్జిట్ లేకుండానే గెస్ట్‌కు చేరుతుంది. ఇదీ ఒకే వీసీపీయూకు గురిపెట్టినప్పుడే జరుగుతుంది, లేకపోతే మామూలు రీమ్యాపింగ్‌కు పడిపోతుంది.

కాబట్టి గెస్ట్‌లో ప్రతి క్యూ ఇంటరప్ట్‌నూ ఒక్కో వీసీపీయూకు కట్టేయండి. లేటెన్సీ ముఖ్యమైన గెస్ట్‌లో ‘ఇర్క్‌బ్యాలెన్స్’ ఆపేయండి, అది అఫినిటీ మార్చిన ప్రతిసారీ రూటింగ్ ఎంట్రీ తిరగరాయాలి.

సరిచూడటానికి హోస్ట్‌లో ‘ప్రాక్’ కింది ‘ఇంటరప్ట్స్’ ఫైల్ తెరవండి. ‘పిన్’ వరుస పెరుగుతుంటే పోస్టింగ్ నడుస్తోంది; కోర్ హోస్ట్ కోడ్‌లో ఉన్న క్షణంలో వచ్చిన నోటిఫికేషన్లే ఇందులో లెక్కకు వస్తాయి. ‘పీఐడబ్ల్యూ’ పెరుగుతుంటే నిద్రపోతున్న వీసీపీయూను లేపుతున్నాయి. లోడ్ ఉన్నా రెండూ అసలే కదలకపోతే 1వ దశను మళ్లీ సరిచూసుకోండి.

## 7. టైమర్, హాల్ట్ సర్దుబాట్లు

బిజీగా ఉన్న 16 వీసీపీయూల గెస్ట్ 1000 హెర్ట్జ్ టిక్‌తో నడిస్తే సెకనుకు 16,000 టిక్కులు, ప్రతిదానికీ కనీసం ఒక డెడ్‌లైన్ రాత. 250 హెర్ట్జ్ కెర్నల్‌తో అది 4,000. హోస్ట్‌లో ఏ మార్పు చేసినా ఇంత సులభంగా ఈ లాభం రాదు.

గెస్ట్‌కు టీఎస్‌సీ డెడ్‌లైన్ ఫ్లాగ్ అందుతోందో చూడండి. ఇంటెల్ హోస్ట్‌పై ‘ప్రీఎంప్షన్_టైమర్’ ‘వై’ ఉంచండి.

గెస్ట్ హాల్ట్ అయినప్పుడు (పని లేక ఆగినప్పుడు) కేవీఎం వెంటనే వీసీపీయూను నిద్రపుచ్చకుండా కాసేపు ఎదురుచూస్తుంది. ‘హాల్ట్_పోల్_ఎన్‌ఎస్’ డిఫాల్ట్ ఎక్స్86పై 200000 నానోసెకన్లు. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో ‘హాల్ట్_అటెంప్టెడ్_పోల్’, ‘హాల్ట్_సక్సెస్‌ఫుల్_పోల్’ పోల్చండి. సఫలమైనవి సగం కూడా లేకపోతే, హోస్ట్‌పై వీఎంలు కిక్కిరిసి ఉంటే విలువను 50000కు తగ్గించి మళ్లీ కొలవండి.

వీసీపీయూకు ఒక ఫిజికల్ కోర్ పూర్తిగా కేటాయించినచోట ‘ఓవర్‌కమిట్’ కింద ‘సీపీయూ-పీఎం=ఆన్’ పెడితే హాల్ట్ ఎగ్జిట్‌లే ఉండవు. కోర్లు పంచుకునే హోస్ట్‌పై మాత్రం దీన్ని పెట్టకండి, పక్క వీఎం ఆకలితో ఆగిపోతుంది.

## 8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

అన్ని హైపర్-వీ ఫ్లాగ్‌లూ ఒకేసారి ఆన్ చేయడం. ‘హెచ్‌వీ-ఈవీఎంసీఎస్’ నెస్టెడ్ హైపర్-వీకి మాత్రమే. దాన్ని పెడితే పోస్టెడ్ ఇంటరప్ట్‌లు పోతాయి. మామూలు విండోస్ గెస్ట్ నుంచి తీసేయండి.

సగటు మాత్రమే చూడటం. ఇంటరప్ట్ సమస్యలు 99వ పర్సంటైల్‌లో దాక్కుంటాయి. సగటు బాగుండి తోక పొడవుగా ఉంటే వీసీపీయూ పిన్నింగ్, వర్క్‌క్యూ దారి, హోస్ట్ ఐఆర్‌క్యూలు వీసీపీయూ కోర్లపై పడటం చూడండి.

ఎంఎస్‌ఐ-ఎక్స్‌ను పదే పదే మాస్క్ చేసే డ్రైవర్. రూటింగ్ టేబుల్ మార్చినప్పుడల్లా కేవీఎం పాత టేబుల్ వాడకందారులు తప్పుకునేదాకా ఆగాలి. డ్రైవర్ కొత్తది వేయండి.

వేగం చూసుకుని సరైనతనం వదిలేయడం. ప్రతి మార్పు తర్వాత యూనిట్ టెస్టుల్లో ‘ఏపిక్’, ‘ఐఓఏపిక్’, ‘ఈవెంట్‌ఇంజ్’ నడపండి. ఖర్చు కొలవడానికి ‘వీఎంఎగ్జిట్’ టెస్టులోని ‘ఐపీఐ’, ‘టీఎస్‌సీడెడ్‌లైన్’ కేసులు సరిపోతాయి. ఒక ఇంటరప్ట్ పోయినా గెస్ట్ డిస్క్ టైమౌట్‌తో వేలాడుతుంది, అది మరుసటి వారం బయటపడుతుంది.

## 9. ప్రొడక్షన్‌కు పంపే ముందు చెక్‌లిస్ట్

- బూట్ తర్వాత ఇన్‌హిబిట్ విలువ సున్నా.
- ఏపిక్_యాక్సెస్, ఇంటరప్ట్_విండో దాదాపు లేవు.
- 80బీ రాతలు ట్రేస్‌లో లేవు.
- పరికరాలన్నీ ఎంఎస్‌ఐ-ఎక్స్‌లో, ఒక్కో క్యూ ఒక్కో వీసీపీయూకు.
- నేరుగా ఇచ్చిన పరికరాలుంటే ‘పిన్’ లేదా ‘పీఐడబ్ల్యూ’ వరుస కదులుతోంది.
- ముందు, తర్వాత కొలతలు ఒకే లోడ్‌పై తీసి దాచారు.

లైవ్ మైగ్రేషన్ వాడేవారు మరొకటి చూసుకోవాలి. ఏపిక్‌వీ, ఐపీఐ వర్చువలైజేషన్ హోస్ట్‌కు సంబంధించినవి, గెస్ట్‌కు కనిపించవు. అవి ఉన్న హోస్ట్ నుంచి లేని హోస్ట్‌కు వీఎం వెళ్లగలదు, నెమ్మదిస్తుందంతే. కానీ ఎక్స్2ఏపిక్, ‘కేవీఎం-పీవీ’, హైపర్-వీ ఫ్లాగ్‌లు గెస్ట్‌కు కనిపిస్తాయి. ఇర్క్‌చిప్ మోడ్‌తో పాటు ఇవన్నీ రెండు వైపులా ఒకేలా ఉండాలి. వీటిని మార్చాలంటే వీఎంను పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. గెస్ట్ లోపలి నుంచి రీబూట్ చేస్తే క్యూఎము ప్రాసెస్ అదే ఉంటుంది, కొత్త ఆప్షన్లు దానికి చేరవు.